అదే ఇదా? — ఒక సినిమా కలహమూ, ప్రత్యభిజ్ఞా

వేదాంతశాస్త్రంలో ప్రవేశించిన వారందరికీ 'సోఽయం దేవదత్తః' అనే వాక్యం పరిచితమే. ఎప్పుడో, ఎక్కడో చూచిన దేవదత్తుణ్ణి నేడు ఇక్కడ మరల చూచి 'అతడే ఇతడు' అంటాము. నాటి దేశకాలాలు వేరు, నేటి దేశకాలాలు వేరు. పరస్పర విరుద్ధమైన ఆ విశేషణాలను విడిచి వ్యక్తిని మాత్రమే గ్రహించడం భాగత్యాగలక్షణ. 'తత్త్వమసి' మహావాక్యార్థాన్ని తెలుపడానికి ఆచార్యులు ఈ దృష్టాంతాన్ని ఆశ్రయించారు. నాకు మాత్రం ఇది ఈమధ్య పదేపదే స్మరణకు రావడానికి కారణం మహావాక్యవిచారం కాదు, మా ఇంట్లో పుట్టిన ఒక సినిమా కలహం.

మాది వశిష్ఠ గోదావరి తీరాన దిండి. మా బావగారు కొబ్బరితోటల మనిషి. సాయంకాలం భారతపారాయణ చేస్తారు, తిక్కనగారంటే ప్రాణం. ఆయనకు మరొక అభిమానం కూడా ఉన్నది. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన 'ఆదిత్య 369'. కాలయంత్రం ఎక్కిన కథానాయకుడు 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు వెళ్ళి, అక్కడినుండి 2504వ సంవత్సరానికి ఎగిరిపోతాడు. హెచ్. జి. వెల్స్ 1895లో ఊహించిన యంత్రాన్ని హంపీ విజయనగరానికి నడిపించిన ధైర్యం ఆ చిత్రానిది. దాని తరువాత తెలుగులో కాలయంత్రం ఎవరికీ చేతకాలేదని బావగారి నిశ్చితాభిప్రాయం.

2024 జూన్ 4న ఎన్నికల ఫలితాలు వచ్చాయి. జూన్ 27న 'కల్కి 2898 ఏడీ' విడుదలైంది. ఈ రెండు తేదీల నడుమ ఇరవైమూడు రోజులే. రాజోలు ప్రాంతంలో రాజకీయం మాట్లాడని అరుగు ఉండదు. 2019లో రాష్ట్రం మొత్తంమీద జనసేన గెలిచిన ఏకైక స్థానం ఇదే కావడంతో మావారికి ఆ విషయంలో కొంత అతిశయం కూడా. బావగారిదొక పక్షం, హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మేనల్లుడిది మరొక పక్షం. అప్పటికే ఇంట్లో గాలి వేడిగా ఉన్నది.

సినిమా చూచి వచ్చిన రాత్రి భోజనాల దగ్గర బావగారు ముందు లెక్క తీశారు. కలియుగప్రమాణం 4,32,000 సంవత్సరాలు. ఆరువేల ఏళ్ళకే కల్కి ఎలా వస్తాడు? మేనల్లుడు నవ్వి ఊరుకున్నాడు. తరువాత కర్ణుడి ప్రసక్తి వచ్చింది. చివరి ఘట్టంలో ప్రభాస్ కర్ణుడిగా కనబడగానే హాలంతా ఊగిపోయిందని అతడి ఆనందం. "ఘోషయాత్రలో గంధర్వుల ముందు నిలువలేక తొలగిపోయినవాడు, గోగ్రహణంలో అర్జునుడి చేతిలో ఓడినవాడు. ఆ మాట ఎవరూ చెప్పరేం?" అన్నారు బావగారు. "మరి 'దానవీరశూరకర్ణ' చూసి మీరు కన్నీళ్ళు పెట్టుకోలేదా నాన్నగారూ?" అన్నాడు వాడు.

అక్కడితో భారతం ముగిసింది. 1977 నాటి ఆ చిత్రంలో కర్ణుడు ఎన్.టి.రామారావుగారు. ఆయన 1982లో పార్టీ స్థాపించారు. కర్ణుడి నుండి రామారావుగారికి, అక్కడినుండి పార్టీకి, పార్టీ నుండి మొన్నటి ఓటుకు సంభాషణ ఎంత త్వరగా దిగజారిందో చెప్పలేను. మరునాడు ఉదయమే వాడు బస్సెక్కాడు. ఆ సంక్రాంతికి రాలేదు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థానికి వాడు లేకుండా వెళ్ళడం మా అక్కయ్యకు అదే మొదటిసారి. ఆవిడ ప్రభలను చూడలేదు, వచ్చే కుర్రవాళ్ళ ముఖాలే చూస్తూ కూర్చున్నది.

అభినవగుప్తపాదులు రసానుభవానికి ఏడు విఘ్నాలు చెప్పారు. వాటిలో రెండవది నాకు ఈ సందర్భంలో కన్నుల ముందు నిలిచింది. రంగస్థలం మీద కనబడే సుఖదుఃఖాలను 'ఇవి నావి', 'ఇవి వాడివి' అని ప్రేక్షకుడు పంచుకోవడం మొదలుపెడితే, దేశకాలవిశేషాలలో చిక్కుకొని సాధారణీకరణం నశిస్తుంది. రసం పుట్టదు. కర్ణుడు 'మావాడు' అయిన క్షణంలో కరుణరసం పోయి పక్షం మిగిలింది.

అయితే బావగారి అభ్యంతరాన్ని కేవలం ముసలితనపు చాదస్తమని తోసివేయలేను. మొదటి విఘ్నం సంభావనావిరహం, అంటే నమ్మకం కుదరకపోవడం. దానికి పరిహారంగానే నాటకానికి ప్రఖ్యాతమైన ఇతివృత్తం కావాలన్నారు. వ్యాసుడి పేరు చెప్పగానే ప్రేక్షకుడి విశ్వాసం దర్శకుడికి అప్పుగా లభిస్తుంది. అప్పు తీసుకున్నవాడిని లెక్క అడిగే హక్కు ఋణదాతకు ఉంటుంది కదా. యుగప్రమాణం అడగడం తప్పేమీ కాదు. అడిగే తీరులోనే ఉన్నది చిక్కంతా.

ఇంకొక విచిత్రం చెప్పాలి. 2025 ఏప్రిల్ 4న 'ఆదిత్య 369' కొత్త మెరుగులతో మరల విడుదలైంది. బావగారు మడతనలగని పంచె కట్టుకొని వెళ్ళారు. తిరిగి వచ్చి, "ఇది అది కాదోయ్" అన్నారు. కథ అదే, నటులు వారే, ఇళయరాజాగారి సంగీతం అదే. రాయలవారి కొలువు కూటంలో ఒక్క మాట వినబడనీయకుండా కుర్రవాళ్ళు పార్టీ నినాదాలు చేశారట. హిందూపురం శాసనసభ్యులైన బాలకృష్ణగారిని వాళ్ళు రాయలుగా చూడలేదు. బావగారేమో 1991 నాటి తన్ను తాను వెదుక్కున్నారని నా అనుమానం. దీనికి కొనసాగింపుగా 'ఆదిత్య 999 మాక్స్' వస్తుందన్న మాట ఎత్తితే చేతులు జోడిస్తారు.

మరి అంతర్వేది రథం సంగతి? 2020 సెప్టెంబరులో స్వామివారి రథం దగ్ధమైంది. అప్పుడు రాష్ట్రమంతటా ఎంత రాజకీయ వాగ్వాదం చెలరేగిందో పాఠకులకు తెలుసు. 2021 ఫిబ్రవరికి కొత్త రథం సిద్ధమైంది. భీష్మఏకాదశినాడు తాడు పట్టిన జనంలో బావగారూ ఉన్నారు. కలప కొత్తది, చక్రాలు కొత్తవి. ఇది ఆ రథం కాదని ఆయన అనలేదు. ఈ మాట నేను అడిగితే, "అక్కడ లాగింది స్వామిని కదా" అన్నారు. తరువాత చాలాసేపు గోదావరి వైపు చూస్తూ ఊరుకున్నారు.

రెండు వారాల క్రితం మేనల్లుడు నాకు ఫోను చేశాడు. "మావయ్యా, ఘోషయాత్ర ఘట్టం అరణ్యపర్వంలోదే కదా? నాన్నగారు అన్నది నిజమేనా?" అని అడిగాడు. నిజమేనని, కాని కవచకుండలాల కథ కూడా ఆ పర్వంలోనే ఉన్నదని చెప్పాను. ఆ సంగతి బావగారికి చేరవేశాను. ఆయన కళ్ళజోడు తుడుచుకొని అరణ్యపర్వం దింపించారు, కర్ణుడు ఇంద్రుడికి కవచం కోసి ఇచ్చిన చోట కాగితం పెట్టి, "వాణ్ణి ఇది చదవమను" అన్నారు. ఇప్పుడు ప్రశ్న అటునుండి, సమాధానం ఇటునుండి, నడుమ నేను. రోజుకొక ఘట్టం చొప్పున నడుస్తున్నది. నిన్నటికి ఉద్యోగపర్వంలో కుంతి నదీతీరానికి వచ్చింది. అక్కడ ఇద్దరికీ ఇంకా పొసగలేదు.