సాకుడు పిల్లలం

హాలహర్విలో మమ్మల్ని సాకింది ఖాలా. అమ్మ చనిపోయింది. అబ్బా సుగ్గికని పోయి మళ్ళీ రాలేదు.

రెండో రొట్టె అడిగే ముందు ఖాలూ మొహం చూడమని మాకెవరూ నేర్పలేదు. ఆయన ఏనాడూ తిట్టలేదు. అయినా చూసేవాళ్ళం. అడగకముందే నీళ్ళు మోసేవాళ్ళం, ఉండనిస్తారని. 1992 డిసెంబరులో ఖాలూ కూడా ఊళ్ళో మొహాలు అట్లాగే చూస్తా నడిచినాడు.

బడిలో తండ్రి పేరడిగితే ఖాలూ పేరు చెప్పాం. ఆయనే దిద్దినాడు: "మీ అబ్బా పేరే చెప్పల్ల బేటా." ఖురాన్ 33వ సూరా చెప్పేదీ అదే. సాకుడు బిడ్డకు వారసత్వం లేదు. వీలునామా రాస్తే మూడో వంతు దాకా ఇవ్వచ్చు. జువెనైల్ జస్టిస్ చట్టం కింద ముస్లింలూ దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి మా బాల్యమే అయిపోయింది.

అన్న నిఖాలో ఖాజీ తండ్రి పేరడిగినాడు. తిరిగిరాని మనిషి పేరు చెప్పాం. ఖాలూ పక్కకు తిరిగి రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.