టైగర్ అంటే టైగ్ చేసేవాడు కాదు

పోయినసారి ఈ గోడపత్రికలో నేను నెమలి బొమ్మ వేసిన. ఈసారి ఏదైనా రాయమన్నారు, అందుకని రాస్తున్న.

నాకు ఇంగ్లీషు అంటే మస్తు భయముండేది. ఏడో తరగతిలో ఇక్కడ చేరినప్పుడు రోజుకు 10 మాటలు బట్టీ పట్టేదాన్ని. తెల్లారి ప్రేయర్ అయ్యేసరికి 6 పోయేవి. ఎనిమిదిలో ఇంగ్లీషు మేడం ఒక ఉపాయం చెప్పారు. మాటను తల కాడ కాదు, తోక కాడ పట్టుకోండి అన్నారు. నెస్ అంటే మన 'తనం'. డార్క్ తెలిస్తే డార్క్‌నెస్ తెలిసినట్టే. లెస్ అంటే 'లేని'. లెస్, లేని, చెవికి కూడా దగ్గరే కదా, అందుకే అది నాకు ఎన్నడూ మరుపు రాలేదు. ఫుల్ అంటే నిండా ఉన్నది. చివర ఈ-ఆర్ గానీ ఓ-ఆర్ గానీ వస్తే ఆ పని చేసే మనిషి. కొండ చరియలకు తాడు కట్టుకుని దిగి తేనె తీసే మా నాయినను ఏమంటారు మేడం అని అడిగితే 'హనీ కలెక్టర్' అన్నారు. ఆ రోజంతా మా రూములో నేను కలెక్టరు బిడ్డను.

కానీ తోకను నమ్మితే మోసపోయేది కూడా ఉంది. 'టైగర్ అంటే టైగ్ చేసేవాడు' అని పరీక్షలో రాసిన. క్లాసంతా నవ్వింది. మా పెంటలో పులి అడుగులు చూసినదాన్ని నేనొక్కదాన్నే, నవ్వు పడ్డది కూడా నేనే.

అన్నిటికన్నా ఎక్కువ మాటలు దొరికేది 'షన్' దగ్గర. టి-ఐ-ఓ-ఎన్. ఇది లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చిందట. నెస్, లెస్ మాత్రం ఇంగ్లీషువాళ్ళ సొంతం. నేను నోట్సులో షన్ మాటలు రాసుకుంటూ పోతే ఒకటి కనిపెట్టిన. నల్లమలలో మా పెంటకు వచ్చిన ఇంగ్లీషు మాటలు చాలావరకు షన్ మాటలే. రేషన్. పెన్షన్. ఎలక్షన్. స్టేషన్. మా అవ్వకు ఒక్క అక్షరం రాదు గానీ ఈ నాలుగూ వచ్చు. (పెన్షన్‌లో టి లేదు, ఎస్ ఉంది. అవ్వకు దానితో పని లేదు.)

దసరా సెలవులకు పోయినప్పుడు ఇంట్లో ఒక కాగితం ఉంది. ఒక ఆఫీసు వాళ్ళు ఇచ్చి పోయినారట. అందులో 15 లక్షలు అని అంకెల్లో ఉంది, అది అందరూ చదివినారు. మిగతాది ఇంగ్లీషు. నాయిన నా చేతికిచ్చి, "ఏముంది బిడ్డా ఇందులో?" అన్నాడు. ఆయన నన్ను చదవమని అడగడం అదే మొదలు. నా చేతులు చల్లబడ్డయి.

రీలొకేషన్ అని ఉంది. లొకేషన్ ఫోన్లో చూసిన మాట. రీ అంటే మళ్ళీ, రీచార్జ్‌లో ఉన్నదే. 'చోటు మార్చుడు' అని చెప్పిన. ఎవరూ మాట్లాడలేదు. తర్వాత రీహాబిలిటేషన్. హాబిట్ అంటే అలవాటు కాబట్టి 'మళ్ళీ అలవాటు పడుడు' అన్న. ఇంకొకటి, వాలంటరీ. దానికి షన్ లేదు, నెస్ లేదు. పంద్రాగస్టుకు నేను పెట్టుకున్న వాలంటీర్ బ్యాడ్జి యాదికొచ్చింది గానీ ధైర్యం చాలక చెప్పలేదు. చేతి మీద రాసుకుని వచ్చిన.

మేడంను అడిగితే, రీహాబిలిటేషన్ అంటే పునరావాసం, నువ్వు చెప్పింది తప్పు అన్నారు. వాలంటరీ అంటే ఎవరి బలవంతం లేకుండా, తమ ఇష్టంతో చేసేది. పులుల అభయారణ్యాల నుంచి జనాన్ని పంపాలంటే వాళ్ళు ఇష్టపడాలని 2006 చట్టాల్లోనే ఉందని కూడా చెప్పారు. తర్వాత ఆమె మన వనపర్తి రాజా రామేశ్వరరావు గారి సంగతి చెప్పారు. ఆయన ఓరియంట్ లాంగ్‌మన్ అనే పెద్ద ఇంగ్లీషు పుస్తకాల కంపెనీని నడిపించినారట. పాలిటెక్నిక్ ఉన్నది ఆయన ప్యాలెస్‌లోనే. ఆ ప్యాలెస్ ముందు నుంచి ఎన్నిసార్లు నడిచినమో, ఈ సంగతి నాకు తెలియదు.

దీపావళి అయినంక ఆదివారం నాయిన నన్ను చూడ్డానికి వచ్చిండు. అచ్చంపేటలో ఒక బస్సు తప్పిపోయి మధ్యాహ్నం దాటినంక వచ్చిండు. ఇప్ప పువ్వు లడ్డూలు తెచ్చిండు (రూములో తిన్నవాళ్ళకు తెలుసు). వేపచెట్టు కింద కూర్చోబెట్టి తప్పు చెప్పిన మాట దిద్దిన. "నువ్వు మొదలు చెప్పిందే నాకు సరిగ్గా అర్థమైంది" అన్నాడు. తర్వాత వాలంటరీ సంగతి చెప్పిన. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"అంటే మాకు ఇష్టం లేదంటే?"

"లేదని చెప్పొచ్చు నాయినా. ఉందని కూడా చెప్పొచ్చు."

మా పెంటలో పోదాం అనేవాళ్ళు కూడా ఉన్నారు. రోడ్డు లేదు, దవాఖాన దూరం. నాకు కూడా ఏది మంచిదో తెలియదు. నాయిన చాలాసేపు చెప్పులకేసి చూసి, "నువ్వు సంక్రాంతికి వచ్చి మొత్తం చదివేదాకా ఎవరూ వేలిముద్ర వెయ్యరు, నేను చెప్త" అని బస్సుకు పోయిండు.

ఆ కాగితంలో మాటలు ఇంకా మూడు మిగిలినయి. మ్యూచువల్లీ, ఎలిజిబుల్, సెటిల్‌మెంట్. మెంట్ నాకు తెలుసు, సెటిల్ తెలియదు. పదో తరగతి అక్కలకు తెలిస్తే ఈ కాగితం కింద ఖాళీ ఉంచిన, పెన్సిలుతో రాయండి.