ఆ గేటు లోపలివాళ్లంతా

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో బీరు కాచే కార్ఖానాల్లో పనివాళ్లకు బీరు ఉచితం. దాహమేసినప్పుడల్లా, కావాల్సినంత. వింటే యజమానిది ఎంత పెద్ద చెయ్యో అనిపిస్తుంది. నాకైతే ఆ సంగతి తలచుకుంటేనే ప్రాణం ఉసూరుమంటుంది. రోజుకు 14 నుంచి 18 గంటల చాకిరీ, ఆదివారం కూడా ఆరేడు గంటలు. జీతం చాలదు, నిద్ర చాలదు. ఆ ఒంటిని నిలబెట్టడానికి మిగిలింది ఆ చెంబుడు బీరే.

వాళ్లలో ఎక్కువమంది జర్మనీ నుంచి వలస వచ్చిన కుర్రాళ్లు. చాలామందికి పడక కూడా కార్ఖానాలోనో, మేస్త్రీ చూపించిన పూటకూళ్లింట్లోనో. పైన కాగుల దగ్గర ఆవిరికి ఒళ్లు ఉడికిపోతుంది. కింద నేలమాళిగలో మంచుగడ్డల మధ్య వణుకు. పీపాల లోపల మరిగే కీలు పోసి పూత పట్టించడం ఇంకో నరకం. కాళ్లు తడారే వేళే ఉండదు.

1881లో న్యూయార్కులో సమ్మె చేసి ఓడిపోయారు. మళ్లీ కూడగట్టుకుని, 1885లో పీటర్ డోల్గర్ కార్ఖానా బీరు తాగొద్దని ఊరివాళ్లను అడిగారు. ఈసారి గెలిచారు. ఎలా గెలిచారన్నది నాకు ఎంతో ఇష్టమైన ముచ్చట. సాయంత్రం బారులో గ్లాసు ముందు కూర్చునేదెవరు? వడ్రంగి, చుట్టలు చుట్టేవాడు, అచ్చాఫీసు కార్మికుడు. వాళ్లకీ సంఘాలున్నాయి, సమ్మె బాధ వాళ్లకూ తెలుసు. వాళ్లు వద్దన్నాక బారు యజమాని వేరే పీపా తెప్పించక ఏం చేస్తాడు? ఆ తర్వాత, యూనియన్ కార్మికులు చేసిన బీరని తెలిసేలా పీపాల మీద లేబుల్ అంటించడం మొదలైంది.

1886 ఆగస్టులో బాల్టిమోర్‌లో వాళ్ల జాతీయ సంఘం పుట్టింది. ఏడాది తిరిగేసరికి బండి తోలేవాళ్లను, బాయిలర్‌లో బొగ్గు వేసేవాళ్లను కూడా కలుపుకుంది. ఏ పనికి ఆ సంఘం అన్నదే పద్ధతిగా ఉన్న రోజులవి. కాచేవాడు సమ్మెలో కూర్చున్నా, బండివాడు పీపాలు మోస్తూనే ఉంటే ఆ సమ్మె ఎన్నాళ్లు నిలుస్తుంది? గేటు లోపలివాళ్లంతా ఒక్కటే అన్నది దెబ్బలు తిని నేర్చుకున్న మాట, పుస్తకాల్లో చదివింది కాదు.

అయితే అంతా అన్న ఆ మాటలో ఆడపిల్లలు చాలాకాలం లేరు. 1910లో కార్మిక నాయకురాలు మదర్ జోన్స్ మిల్వాకీ వెళ్లి, అక్కడి బ్రూవరీల్లో సీసాలు కడిగే అమ్మాయిల మధ్య రెండు నెలలు గడిపింది. తడి బూట్లు, తడి బట్టలు, పగిలిన గాజు పెంకులు, మేస్త్రీల బూతులు. మరుగుదొడ్డికి వెళ్లినా ఎంతసేపని లెక్క. మగవాళ్లకు యూనియన్ ఒప్పందాలున్న ఊళ్లోనే ఇదంతా. ఈ ఆలస్యాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

గేటు లోపలివాళ్లంతా ఒక్కటే అన్నందుకు సంఘం పెద్ద మూల్యమే చెల్లించింది. బండివాళ్లను, ఇంజనువాళ్లను వాళ్ల వాళ్ల సంఘాలకు వదిలేయమని, సంఘాలన్నిటి సమాఖ్య అయిన అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ పట్టుబట్టింది. వీళ్లు ససేమిరా అన్నారు. 1907లో ఫెడరేషన్ వీళ్లను బహిష్కరించింది. మిగతా సంఘాల నుంచి నిరసన రావడంతో 1908లో మళ్లీ చేర్చుకుంది. 1920లో మద్యనిషేధం వచ్చి, పనికే ఎసరు పెట్టింది. శీతల పానీయాల కార్మికులను, పిండిమరల కార్మికులను కలుపుకుని సంఘం ఎలాగో ఊపిరి నిలుపుకుంది. 1933లో బీరు తిరిగొచ్చింది, దాంతోపాటే బండివాళ్ల తగువూ తిరిగొచ్చింది. వాళ్లు మావాళ్లంటూ బండివాళ్ల సంఘమైన టీమ్‌స్టర్స్ పట్టు వదల్లేదు. 1941లో మళ్లీ బహిష్కరణ.

చివరికి 1973లో బీరు కార్మికుల సంఘం ఆ టీమ్‌స్టర్స్‌లోనే విలీనమైంది. దీన్ని ఓటమి అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. పద్దెనిమిది గంటల చాకిరీకి అడ్డుకట్ట వేసి, మనిషిని కార్ఖానా పడక మీంచి లేపి సొంత ఇంటికి పంపిన సంఘాన్ని ఓడిపోయిందనడం అన్యాయం.