చెలమ దగ్గర ఆగిన మనిషి

పదో తరగతి తెలుగులో పిల్లలు బెదిరేది అపరిచిత పద్యం దగ్గరే. పాఠ్యపుస్తకంలో పద్యాల ముందు చాలా సరంజామా ఉంటుంది: పాఠం ఉద్దేశం, పాఠ్యభాగ వివరాలు, కవి పరిచయం, ప్రవేశిక. అవన్నీ దాటి వచ్చేసరికి లోపల ఏముందో పిల్లలకు ముందే తెలిసిపోతుంది. అపరిచిత పద్యానికి ఆ ఆసరా ఏదీ ఉండదు. రాసిందెవరో, ఎందుకు రాశారో తెలియదు.

భద్రాచలం ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాలలో తెలుగు చెప్పేటప్పుడు ఆ ఆసరా నేనే అయ్యాను. పద్యం బోర్డు మీద రాసి, చాక్‌పీసు కింద పెట్టకముందే భావం చెప్పేసేవాణ్ణి. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో కోయ మాట్లాడతారు. వాళ్లు మాట్లాడకుండా కూర్చుంటే భాష రాకే అనుకున్నాను. అందుకని ప్రకృతి, దేశభక్తి, స్నేహం, దానగుణం అంటూ విషయానికొక నమూనా జవాబు రాయించి బట్టీ పట్టించాను. మార్కులు వచ్చేవి. అందుకే నా తప్పు చాలాకాలం నాకు కనబడలేదు.

ఒక పాత పత్రికలో దొరికిన చిన్న వచన కవితను స్లిప్ టెస్టులో ఇచ్చాను. ఎండిన వాగు, ఇసుకలో చెలమ, బిందెతో వచ్చిన ఒక ఆడమనిషి. ఆమె ఇసుక తోడుతుంది, నీళ్లు పారబోస్తుంది, చాలాసేపు ఊరికే కూర్చుంటుంది. నేను ఆ కూర్చోవడాన్ని నిరాశ అనుకున్నాను. కరువు, నీటి ఎద్దడి, నీటిని పొదుపుగా వాడాలి – ఇదీ నేను ఎప్పటిలాగే ముందే చెప్పేసిన తాత్పర్యం. క్లాసంతా అదే రాసింది. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం "ఆమె తేట నీళ్ల కోసం ఆగింది" అని ఒక్క వాక్యం రాసింది. సున్నా వేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చి, "బురద నీళ్లు తోడేసినాక ఆగాలి గదా సార్" అంది. అంతకుమించి వాదించలేదు. నేను కవిత మళ్లీ చదివాను. చెలమ తీసినప్పుడు ముందు వచ్చేవి బురద నీళ్లే. వాటిని బుర్రతో తోడి అవతల పోయాలి. ఇసుక అంచులు కూలకుండా చేత్తో అదిమి, కాసేపు కదిలించకుండా వదిలేస్తే అడుగునుంచి తేట నీరు ఊరుతుంది. కవితలో నీళ్లు పారబోసిన మాట ఉంది, ఆగిన మాట ఉంది, ఆఖర్న బిందె నిండిన మాట కూడా ఉంది. నిరాశ అన్నది మాత్రం ఎక్కడా లేదు, నేను తెచ్చిపెట్టిందే. సున్నా కొట్టేసి మార్కులు వేశాను. కానీ అప్పటికే నా తాత్పర్యం నమ్మి తమకు తెలిసిన చెలమను పక్కన పెట్టిన మిగతా పిల్లల సంగతేమిటి? ఆ ప్రశ్న నన్ను చాలా బాధపెట్టింది. వాళ్లకు తెలిసిన సంగతిని వాళ్లే నమ్మకుండా చేసింది నేను.

1929లో ఐ.ఏ. రిచర్డ్స్ 'ప్రాక్టికల్ క్రిటిసిజం' అనే పుస్తకం తెచ్చారు. కవుల పేర్లు తీసేసి 13 కవితలను కేంబ్రిడ్జి విద్యార్థులకిచ్చి, వాళ్ల అభిప్రాయాలను పరిశీలించారు. ఇంగ్లీషే మాతృభాష అయిన అక్కడి చదువరులు కూడా తమలో ముందే తయారుగా ఉన్న అభిప్రాయాన్ని కవితకు అంటగట్టారు. అది తెలిశాక మా పిల్లల భాషను నిందించడం మానేశాను.

అలాగని ఊళ్లో అనుభవం ఉంటే చాలు, పద్యం దానంతటదే అర్థమవుతుందని కాదు. రాముణ్ణి ఉద్దేశించిన పద్యం ఏదిచ్చినా మా పిల్లలు నేలకొండపల్లి కంచర్ల గోపన్న కథ మొదలుపెడతారు. పాల్వంచ తహసీల్దారీ, భద్రాద్రి గుడి, గోల్కొండ చెర, తానీషా అన్నీ రాస్తారు. ఇచ్చిన పద్యంలో చెర ఉండదు, తానీషా ఉండడు. వివరాలు ఒప్పే కదా అని వాటికీ మార్కులు వేసినవాణ్ణే నేను. ఇప్పుడు ఏ జవాబుకైనా ఒకటే అడుగుతాను: "ఏ మాటలో కనిపించిందమ్మా? వేలు పెట్టి చూపించు." చెలమ దగ్గర ఆ పిల్ల చూపించగలిగేది. నేను చూపించలేకపోయేవాణ్ణి.

ఇప్పుడు భావం నేను ముందు చెప్పను. గొంతెత్తి నిదానంగా చదువుతాను, తర్వాత ఒక పిల్లో పిల్లవాడో చదువుతారు. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, మాట ఎక్కడ మలుపు తిరిగింది – ముందు ఇవే తేల్చుకుంటాం. శతక పద్యమైతే ఎవరితో అన్నది చాలాసార్లు మకుటమే చెప్పేస్తుంది. ఛందోబద్ధమైన పద్యంలో సంధులు విడదీసి, క్రియ ఎక్కడుందో వెతికిస్తాను. అది దొరికితే ఆ పని చేసిందెవరో దొరుకుతుంది, ఆ తర్వాత అన్వయం పిల్లలే కుదుర్చుకుంటారు. దీనికి టైం పడుతుంది. సిలబస్ వెనకబడుతుందని తోటి ఉపాధ్యాయులు అన్న మాట నిజమే.

పెద్ద సంస్కృత సమాసాలున్న సీస పద్యమైతే ఇది సరిపోదు. అక్కడ అర్థాలు ఇవ్వక తప్పదు. రెండు మాటలకే ఇస్తాను. ఏ రెండు కావాలో పిల్లలు తమలో తాము మాట్లాడుకుని అడగాలి. ఏ మాట తెలిస్తే మిగతాది విడిపోతుందో తేల్చుకోవడానికి వాళ్లు పద్యాన్ని మళ్లీ మళ్లీ చదువుతారు. ఒక్కోసారి ఒక్క మాటే అడిగి, రెండోది అక్కర్లేదు సార్ అంటారు.