చిన్న సంగతులు – పెద్ద దేవుడు



మా ఊరిలో మన మందిరమునకు, ఆర్.సి.ఎం. గుడికి మధ్య రెండు వీధులే దూరము. ఆ గుడికి వెళ్లే రిటైరైన మాస్టారు ఒకరు మాకు మంచి స్నేహితులు. సాయంకాలము మా అరుగు మీద టీ త్రాగుతూ, వారు ‘పునీతులు’ అని పిలిచే భక్తుల కథలు నవ్వుతూ చెబుతుంటారు. “అయ్యగారూ, మాకు పని పనికీ ఒక పునీతుడున్నాడండీ. మీకేమో పని పనికీ ఒక కమిటీ ఉన్నది” అని ఒకనాడు అన్నారు. మేము నవ్వక తప్పలేదు. ఆ వారములోనే మన సంఘములో మూడు కమిటీ మీటింగులు జరిగినవి!

వారు చెప్పే సంగతులు నిజముగా వింతగానే ఉంటాయి. ఇటలీలోని అస్సీసీ పట్టణపు క్లారా 1253లో మరణించిన భక్తురాలు. ఒక క్రిస్మస్ రాత్రి ఆమె జబ్బుతో మంచము మీద నుండి లేవలేకపోగా, గుడిలో జరిగే ఆరాధన తన గదిలోనే కనబడి, వినబడినదట. ఆ కథను బట్టి 1958లో పోపు 12వ పయస్ ఆమెను టెలివిజనుకు పాలక పునీతురాలిగా ప్రకటించారు. “అయితే సీరియలు మధ్యలో కరెంటు పోతే ఆమెకే చెప్పుకోవాలా మాస్టారూ?” అని మా ఇంటివారు అడిగితే, “కరెంటుకు వేరే వారెవరైనా ఉన్నారేమో చూడాలమ్మా” అన్నారు వారు.

కుపెర్తీనో యోసేపు (1603–1663) చదువులో బహు వెనుకబడినవాడు. పరీక్షలో అధికారి ఆయనకు వచ్చిన ఒకే ఒక వాక్యమును అడిగినాడని చెబుతారు. నేడు పరీక్షలు వ్రాసే పిల్లలకు ఆయనే పాలకుడు. 258లో రోమా పట్టణములో హతసాక్షియైన లారెన్సును ఇనుప చట్రము మీద కాల్చుచుండగా, ఈ ప్రక్క కాలినది, ఇక తిప్పండి అన్నాడని వారి సంప్రదాయము. ఆయనను వంటవారికి పాలకునిగా పెట్టుకొన్నారు! నవ్వు వస్తుంది గాని, నిప్పుల మీద కూడ పరిహాసమాడగలిగిన విశ్వాసము ఎంత గొప్పదో ఆలోచించండి.

అమెరికాలో ఇల్లు త్వరగా అమ్ముడు పోవాలని కొందరు యోసేపు బొమ్మను పెరటిలో తలక్రిందులుగా పాతిపెడతారు. ఆ బొమ్మలు బజారులో కూడ అమ్ముతారు. ఇది విని మాస్టారు గారే తల పట్టుకొన్నారు. “మరియమ్మను, పసిబిడ్డను వెంటబెట్టుకొని ఐగుప్తుకు అంత దూరము నడిచిన మనిషికి ఇదా మర్యాద!” అన్నారు.

మనము పునీతులకు ప్రార్థన చేయము. దేవునికి మనకు మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే అని పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో నేర్చుకొన్నాము. అందులో మార్పు లేదు. అయినను అతిశయింపకుందము. మన మార్టిన్ లూథరు 1505లో పిడుగుల వానలో చిక్కుకొన్నప్పుడు కేక వేసినది ఎవరికో తెలుసా? గనులలో పనిచేసే వారి పాలకురాలైన అన్నమ్మకు! ఆయన తండ్రి గనుల వ్యాపారి గనుక ఆ పేరే ముందు నోటికి వచ్చినదేమో. తనను రక్షిస్తే సన్యాసిగా మారుతానని మ్రొక్కుకొని, మఠములో చేరినాడు. ఆ మఠములోని వాక్య పఠనములోనుండే దేవుడు ఆయనను నడిపించినాడు.

ఇప్పుడు నవ్వులాట కాని సంగతి ఒకటి చెప్పాలి. మన సంఘములోని ఒక సహోదరి బంధువుల పెండ్లికి వెళ్లుటకు ఎరువు తెచ్చుకొన్న కమ్మలలో ఒకటి మిరప చేనిలో కలుపు తీస్తుండగా జారిపోయినది. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇల్లు. రెండు రాత్రులు ఆమె ఎవరికీ చెప్పలేదు. మూడవనాడు ఆర్.సి.ఎం. వారైన తోటికోడలు ఆమె ముఖము చూచి సంగతి రాబట్టి, “అంతోనివారికి చెప్పుకో అక్కా, పోయినవి చూపిస్తారు” అన్నది. 1231లో మరణించిన పాదువా అంతోని పోయిన వస్తువులకు పాలకుడు. ఆయన కీర్తనల పుస్తకము పోయినప్పుడు ప్రార్థన చేయగా, తీసికొనిపోయినవాడే తెచ్చి ఇచ్చెనని కథ.

ఆ సాయంకాలము ప్రార్థన కూటము ముగిసిన తరువాత ఆమె మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, పోయిన కమ్మ గురించి దేవునికి చెప్పుకోవచ్చా? అంత పెద్ద దేవునికి ఇంత చిన్న సంగతి చెబితే కోపము రాదా?” అని మెల్లగా అడిగినది.

ఆ మాట మమ్మును ఆ రాత్రి నిద్రపోనియ్యలేదు. మండలాఫీసులో పెద్ద అధికారి గదిలోనికి చిన్న అర్జీతో వెళ్లుటకు జంకినట్లు, మనవారు తండ్రి సన్నిధికి వెళ్లుటకు జంకుచున్నారు. తోటికోడలు వెళ్లిన త్రోవ తప్పని మనము వెంటనే చెప్పగలము. కాని ఆమె తన అక్క కన్నీటిని పరలోకము వరకు మోసికొనిపోయినది. మన సహోదరి ఏ త్రోవనూ పోక, రెండు రాత్రులు ఒంటరిగా ఏడ్చినది. దేవునికి చిన్న సంగతులు పట్టవని ఆమెకు నేర్పినదెవరు?

బైబిలు అట్లు నేర్పలేదు. రాజుల రెండవ గ్రంథము ఆరవ అధ్యాయము తీసి చూడండి. ప్రవక్తల శిష్యుడొకడు ఎరువు తెచ్చిన గొడ్డలి నీట పడితే అయ్యో అని మొరపెట్టినాడు. ఎలీషా అతని మీద విసుగుకొనలేదు. ఇనుము నీటిపై తేలినది. సౌలు రాజరికము తప్పిపోయిన గాడిదలను వెదకుటతో మొదలైనది. పోయిన ఒక్క నాణెము కొరకు దీపము వెలిగించి ఇల్లు ఊడ్చిన స్త్రీ కథను ప్రభువే చెప్పినాడు.

మరునాడు తెల్లవారకముందే ఆమె, తోటికోడలు కలిసి చేనిలో సాలు సాలున వెదకినారు. కమ్మ దొరకలేదు. ఎవరి ప్రార్థన నెగ్గినదని లెక్కలు వేసేవారికి ఇక్కడ ఏమీ దొరకదు. కాని కమ్మల యజమానురాలికి బాకీ తీర్చుటకు ఆ తోటికోడలు నాలుగు వారములు తన కూలిలో సగము తెచ్చి ఇచ్చినది.

ఇటీవలి వార్త ఒకటి వినండి. కార్లో అకూటిస్ అనే ఇటలీ బాలుడు 2006లో పదిహేనేండ్లకే క్యాన్సరుతో మరణించినాడు. కంప్యూటరు తెలిసిన ఆ బిడ్డను 2025 సెప్టెంబరు 7న పోపు 14వ లియో పునీతునిగా ప్రకటించారు. అంతకు కొన్ని నెలల ముందు, ఆయన తలవెంట్రుకలని చెప్పి ఎవరో ఇంటర్నెట్టులో అమ్మకానికి పెట్టగా, రెండు వేల యూరోలకు పైగా ధర పలికినది. అస్సీసీ బిషప్పు గారు అధికారులకు ఫిర్యాదు చేశారు.

పునీతుని వెంట్రుకకు మనుష్యులు ధర కట్టినారు. మిరప చేనిలో ఎండకు మాడే మన సహోదరి తలవెంట్రుకలను ఎవరు కొందురు? అయినను ఆమె తలవెంట్రుకలన్నియు లెక్కింపబడియున్నవని మత్తయి సువార్త పదియవ అధ్యాయములో ప్రభువు చెప్పినాడు. వెంట్రుకను లెక్కించువాడు కమ్మను మరచునా?

కుటుంబ పెద్దలారా, ఈ రాత్రి ఇంటి ప్రార్థనలో పెద్ద పెద్ద మాటలు ప్రక్కన పెట్టండి. పిల్లవాని పోయిన పెన్సిలు, అవ్వ మోకాలి నొప్పి, పాలివ్వని గేదె, చెప్పుకొనలేని చిన్న బాకీ, వీటిని పేరు పేరున చెప్పండి. తండ్రి వినును. ఆయన సమాధానము మీ గృహములలో నిలుచునుగాక. ఆమేన్.