రాయి తాగదు, సందు తాగుతుంది

మా మదరసా ప్రాంగణంలో నిరుడు తాండూరు బండలు పరిపించాము. మట్టి నేల కావడంతో వానాకాలంలో వుజూ చేసుకొని వచ్చినవారు మళ్ళీ కాళ్ళు కడుక్కోవలసి వచ్చేది. సందులన్నీ సిమెంటుతో మూయించి, శుభ్రంగా ఉందని సంతోషించాము కూడా. ఆ వేసవిలోనే బోరు సన్నగిల్లింది. దానికి బండలే కారణమని అనలేము గానీ, తొలి వానకు ప్రాంగణపు నీరంతా గేటు దాటి మోరీలో కలవడం కళ్ళారా చూశాము. బండ పుట్టిన చోటికే వెళ్ళి అడుగుదామని బయలుదేరాము.

మొదట వికారాబాదులో దిగి అనంతగిరి ఎక్కాము. రాత్రంతా వాన కురిసినా అడవి బాటలో నీరు నిలిచిన జాడ లేదు. ఇక్కడిది లేటరైటు, నిలువెల్లా రంధ్రాలున్న ఎర్రరాయి. ఆకుల పొర, మొరం, ఆ రాయి దాటి దిగిన నీరు దిగువన తేట ఊటగా బయటికి వస్తుంది. మూసీ నది పుట్టుక ఈ కొండల్లోనే. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచినదీ, 1920లో ఉస్మాన్ సాగర్ కట్టాక ఆ నగరపు దప్పిక తీర్చినదీ ఈ సన్నని ధారే అంటే నమ్మబుద్ధి కాదు.

అక్కడి నుండి రైలులో తాండూరు చేరేసరికి నేల రంగే మారిపోయింది. నల్లరేగడి, కంది చేలు. గనుల్లో నాపరాయి కితాబు పుటల వలె పొరలు పొరలుగా, నీలిగా, పసుపుగా పరచుకొని ఉంది. తవ్వి వదిలిన గుంతల్లో మాత్రం వాన నీరు చెరువులా నిలిచి ఉంది. పాలిష్ మిల్లుల తెల్లని బురద ఎండిన చోట నేల గచ్చులా బిగుసుకుపోయింది.

మా గోడు విన్న ఒక వృద్ధ మేస్త్రీ నవ్వాడు.

"మౌల్వీ సాబ్, రాయి తాగదు, సందు తాగుతది. మీరు సందు మూసిండ్రు గదా!"

తర్వాత అతడు నేల మీద పుల్లతో గీసి చూపించాడు. బండకు బండకు మధ్య వేలి మందం సందు విడవాలి. అందులో సిమెంటు గాని, పాలిష్ పొడి గాని పోయరాదు. కడిగిన సన్న చిప్స్ నింపాలి. బండల కిందా అవే చిప్స్ పరచి, ఆ కింద అడుగు లోతున పెద్ద కంకర వేయాలి. కంకర రాళ్ళ నడుమ ఖాళీయే దాదాపు మూడో వంతు ఉంటుంది గనుక నీరు అందులో ఆగుతుంది. రేగడి నేల తడిస్తే ఉబ్బి నీటిని త్వరగా ఇంకనివ్వదు. అందుచేత అక్కడ అడుగున మందపు ప్లాస్టిక్ షీటు పరచి, గొట్టం ద్వారా భూగర్భ సంపులోకి మళ్ళించాలి. వికారాబాదు ఎర్రనేలలోనైతే షీటు లేకుండా నేలకే వదలవచ్చు.

కొండ చేసే పనినే ఇక్కడ కంకర చేస్తుంది. దుమ్ము పైపొరలో చిక్కుకుంటుంది. వాహనాల నూనె మరక రాళ్ళను అంటుకొని, అక్కడి సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది. అయితే నీటిలో కరిగిపోయిన లవణాలు, నైట్రేటు దీనికి చిక్కవు. షరీఅత్ దృష్టిలో వాన నీరు శుద్ధమైనదే. కానీ గొంతులో పోసుకునే నీటిని వైద్యుని కంటితో కూడా చూడాలి. ఈ నీరు మొక్కలకు, నేల కడగడానికి, మరుగుదొడ్లకు చాలు. సందుల్లో చేరిన మట్టిని ఏటా తీసి కొత్త చిప్స్ పోయకపోతే కొన్నేళ్ళకు అదీ మూసుకుపోతుంది.

చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు. 200 చదరపు మీటర్ల మా ప్రాంగణంపై 10 మిల్లీమీటర్లు కురిస్తే 2,000 లీటర్లు. ఏడాదిగా మేము మోరీ పాలు చేసినదెంతో తిరుగు రైలులో లెక్కించడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేశాము.

కమిటీలో విషయం పెట్టగా, వేసిన బండలు తవ్వే ఖర్చు ఎవరిదని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. చివరకు వుజూఖానా పక్కన పది గజాలు మాత్రం విప్పి చూద్దామన్నారు. శుక్రవారం సెలవు నాడు పెద్ద విద్యార్థులతో కలసి ఉలి, సుత్తి పట్టుకొని సిమెంటు గీకడానికి కూర్చున్నాము. మధ్యాహ్నానికి మూడు బండలు లేచాయి.