దెల్ బోస్కే మీసం

స్పెయిన్ ఫుట్‌బాల్ జట్టు మాజీ కోచ్ విసెంతే దెల్ బోస్కే ఫొటో ఎప్పుడు చూసినా నా కళ్లు ముందు ఆ గుబురు మీసం మీదే ఆగుతాయి. దాని కింద పెదవులు నవ్వుతున్నాయో, బిగుసుకున్నాయో తెలియదు. గెలిచినా అదే ముఖం, ఓడినా అదే.

సలమాంకాలో రైల్వే ఉద్యోగి కొడుకు. రియల్ మాడ్రిడ్ మిడ్‌ఫీల్డ్‌లో ఆడి ఐదు లీగ్ టైటిళ్లు గెలిచాడు. అదే క్లబ్‌కు కోచ్‌గా 2000లో, 2002లో చాంపియన్స్ లీగ్ తెచ్చిపెట్టాడు. 2003లో లీగ్ గెలిచిన మరునాడే క్లబ్ ఆయన్ని సాగనంపింది. తారలు కొలువుదీరిన చోట మరీ పాతకాలపు మనిషిలా కనిపించాడు కాబోలు!

అంత అవమానాన్ని మనిషి ఎక్కడ దాచుకుంటాడు? కొందరు జీవితాంతం దాన్నే నెమరేస్తారు. ఈయన దాన్ని ఏం చేసుకున్నాడో ఆ ముఖం చెప్పదు.

2010లో దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచ కప్‌లో ఆయన కోచ్‌గా ఉన్న స్పెయిన్ మొదటి మ్యాచ్‌లోనే స్విట్జర్లాండ్ చేతిలో ఓడింది. మిడ్‌ఫీల్డర్ బుస్కెట్స్‌ను తప్పించాలని ఒకటే గోల. ఆయన తప్పించలేదు. నాకౌట్‌లో నాలుగు మ్యాచ్‌లూ 1-0 తేడాతోనే గట్టెక్కారు. ఫైనల్లో ఇనియెస్టా గోల్ కోసం 116వ నిమిషం దాకా ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. కోచ్ అరవకపోయినా జట్టు వింటుందని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

2012లో యూరో కప్పూ వచ్చింది. 2014 ప్రపంచ కప్‌లో గ్రూప్ దశలోనే ఇంటిదారి పట్టారు, అదీ నిజమే. అయినా ప్రపంచ కప్, యూరో, చాంపియన్స్ లీగ్ మూడూ గెలిచిన మొదటి కోచ్ ఆయనే.